పదిమంది ఆడు చదరంగము

చదరంగము ఇద్దరి ఆట. బల్లకు ఇరువైపుల ఇద్దరు కూర్చుందురు. ఎవరి బుద్ధి వారిది. ఎవరి ఎత్తు వారిది. ప్రక్కన నిలిచి చూచువాడు నోరు మెదపరాదనుట అరుగుల మీద ఆడువారికి సైతము తెలిసిన మర్యాద. అట్టి ఆటను ఒక్కొక్క పక్షమున పదిమంది, నూరుమంది, వేలమంది చేరి, ఓట్లు వేసి ఆడుట సాధ్యమా? సాధ్యమే. నేడు అంతర్జాలములో ఇట్టి పోటీలు విరివిగా జరుగుచున్నవి. జట్టులోని ప్రతి సభ్యుడును నియమిత కాలములోపల తనకు మంచిదని తోచిన ఎత్తునకు ఓటు వేయును. అన్నిటికన్న ఎక్కువ ఓట్లు పొందినదే ఆ జట్టు ఎత్తగును.

వినుటకు ఇది మిక్కిలి సులభముగా కనబడును. కాని ఓట్లు లెక్కించినంత మాత్రమున గుంపు జట్టు కాజాలదు. ఓటునకు ముందు జరుగు చర్చయే పదిమందిని ఒక జట్టుగా చేయును. చర్చ లేని ఓటు గుంపు కోరిక. చర్చించి వేసిన ఓటు జట్టు నిర్ణయము. ఈ భేదము నెరుగని నిర్వాహకుడు ఎన్ని వేలమందిని చేర్చినను ఫలమల్పము.

పలువురు కలసి ఆలోచించి ఆడుట క్రొత్త సంగతి కాదు. 1824లో లండను, ఎడింబరో నగరముల చదరంగ సంఘములు ఉత్తరముల ద్వారా పోటీ ప్రారంభించినవి. సంఘ సభ్యులు కూడి ఒక ఎత్తును నిర్ణయించి, దానిని తపాలాబండిలో రెండవ నగరమునకు పంపెడివారు. ఐదు ఆటలు ముగియుసరికి 1828వ సంవత్సరము వచ్చినది. లండనుకన్న చిన్నదైన ఎడింబరోయే తుదకు గెలిచినది. ఆ పోటీలో ప్రసిద్ధికెక్కిన ఒక ఆరంభ పద్ధతిని నేటికిని ‘స్కాచ్ ఆట’ యని పిలుచుచున్నారు. నాటి ఆటగాండ్రకు వేగము లేకపోయినను తీరిక పుష్కలముగా నుండెను. ఉత్తరము పోయి వచ్చులోపల వాదించుకొనుటకును, తప్పు దిద్దుకొనుటకును వారికి వ్యవధి చిక్కెడిది.

అంతర్జాలము వచ్చిన పిదప వేగము పెరిగినది, వ్యవధి తరిగినది. 1996లో అనతోలీ కార్పోవ్ అంతర్జాలము ద్వారా ‘విశ్వజట్టు’తో ఒక ఆట ఆడెను. ఒక్కొక్క ఎత్తునకు కొద్ది నిమిషములు మాత్రమే ఉండుటచే విశ్వజట్టు సభ్యులకు చాలినంత చర్చ జరుపు అవకాశము లేదు. కార్పోవ్ గెలిచెను.

మూడేండ్లకు మరియొక ఆట జరిగినది. 1985 నుండి ప్రపంచ విజేతగా వెలుగొందుచుండిన గ్యారీ కాస్పరోవ్ ఒకవైపు, లోకమంతయు నొకవైపు. మైక్రోసాఫ్ట్ సంస్థ ఏర్పాటు చేసిన ఈ ఆట 1999 జూన్ 21వ తేదీన మొదలై అక్టోబరు 22 వరకు నాలుగు నెలలు సాగినది. 75కు మించిన దేశముల నుండి 50,000 మందికి పైగా ఇందు పాల్గొనిరి. ప్రతి ఎత్తునకు ఒక దినము గడువు. విశ్వజట్టునకు ఎత్తులు సూచించుటకు నలుగురు సలహాదారులు నియమింపబడిరి. నలుగురును ఇరువది యేండ్లు నిండనివారే. అందు ఇరీనా క్రష్ అను బాలిక వయస్సు పదునైదేండ్లు.

పదియవ ఎత్తు నాడు విశ్వజట్టు తన మంత్రిని కదపి, కాస్పరోవ్ బంట్లు రెంటిని ఒక్కమారుగా బెదరించినది. మున్ను ఎవరును ఆడి యెరుగని ఆ ఎత్తును సూచించినది క్రష్. ఆమె ‘ఈ ఎత్తే ఆడుడు’ అని ఆజ్ఞాపించి ఊరకుండలేదు. ఏల ఆడవలెనో, ఎదిరి ఏమి చేయునో, దానికి పైయెత్తు ఏమో వివరించుచు వచ్చినది. పెక్కుమంది ఆటగాండ్రు చర్చావేదికపై ఆమె వ్రాతలను పరీక్షించిరి, తప్పులు చూపిరి, క్రొత్త మార్గములు చేర్చిరి. ఒక్కొక్కరుగా చూచినచో వారిలో కాస్పరోవునకు సరితూగువాడు లేడు. అయినను వారందరును కలసి ఆతనిని ఎంతగా చిక్కుపరచిరనగా, తన జీవితములో మరి ఏ ఆటకును ఇంత శ్రమ పడలేదని ఆతడే పిమ్మట చెప్పుకొనెను.

అట్టి జట్టు తుదకు ఏల ఓడినది? కాస్పరోవ్ ప్రతిభ మొదటి కారణమనుటలో సందేహము లేదు. కాని జట్టు ఏర్పాటులోని లోపములును తక్కువవి కావు. చర్చావేదిక అందరికిని తెరచియుండుటచే ఎదుటి ఆటగాడును దానిని చదువగలిగెను. ఒకే మనిషి పలుమార్లు ఓటు వేసెనను ఆరోపణ వచ్చినది. ఏబది యెనిమిదవ ఎత్తు నాడు క్రష్ సూచన సకాలములో ఓటర్లకు అందలేదు. జట్టు వేరొక ఎత్తు ఆడి చిక్కులలో పడినది. ఆమె తన పాత్రను విరమించుకొనెను. మరునాటి ఓటింగులో మంత్రిని ఊరక బలియిచ్చు ఎత్తునకే ఎక్కువ ఓట్లు పడగా, నిర్వాహకులు ఆ ఓట్లను రద్దుచేయవలసి వచ్చెను. నాలుగు నెలలు కూడబెట్టిన ఆలోచన నాలుగు దినములలో చెదరిపోయెను. అరువది రెండవ ఎత్తుతో ఆట ముగిసినది.

ఈ కథ విన్నవారు కొందరు, ‘ఓట్లతో చదరంగమేల? అందరిలో మేటియైన వానిని నాయకునిగా నిలిపి ఆతని మాట విన్న చాలదా?’ అందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అనుభవజ్ఞుని మాటకు విలువ ఉండవలసినదే. కాని ఒక్కని మాటయే ఆడు జట్టులో తక్కినవారు ప్రేక్షకులగుదురు. వారు నేర్చునదియు లేదు. నాయకుడు పొరబడిన నాడు దిద్దువాడును లేడు. క్రష్ మాట నెగ్గినది అధికారముచేత కాదు, వివరణచేత. నాయకత్వమునకును నిరంకుశత్వమునకును గల భేదమిదియే.

పదిమంది తీర్పు ఎప్పుడు మేలగునో ఫ్రెంచి పండితుడు కోందొర్సే 1785లోనే గణితముచే చూపెను. రెండు మార్గములలో ఒకటి ఎన్నుకొనవలసిన చోట, ముగ్గురిలో ప్రతివాడును నూటికి అరువది మార్లు సరిగా నిర్ణయించువాడనుకొందము. ఎవరి ఆలోచన వారు చేసి ఓటు వేసినచో, ముగ్గురిలో అధిక సంఖ్యాకుల తీర్పు నూటికి సుమారు 65 మార్లు సరియగును. జనము పెరిగినకొలది ఈ లెక్కయు పెరుగును. కాని ప్రతివాడును నూటికి నలువది మార్లే సరిగా నిర్ణయించువాడైనచో ఫలము తలక్రిందులగును. ముగ్గురి తీర్పు నూటికి 35 మార్లు మాత్రమే సరియగును. తెలిసినవారి సంఖ్య బలము. తెలియనివారి సంఖ్య భారము. తెలియనివారిని తెలిసినవారిగా చేయునది చర్చ యొక్కటే.

ఇందు మరియొక షరతు కలదు. ఎవరి ఆలోచన వారు చేయవలెను. పంచతంత్రములో ధూర్తులు ఒకరి వెనుక నొకరు వచ్చి ఒకే మాట చెప్పగా, బ్రాహ్మణుడు తన భుజముపై నున్న మేకను కుక్క యని నమ్మి విడిచిపెట్టెను. ఏ ఎత్తునకు ఎన్ని ఓట్లు పడినవో ముందుగానే కనబడినచో ఓటర్ల గతియు నంతే. మొదటి పదిమంది ఎటు పోయిన తక్కినవారు నటే పోవుదురు. అది గొర్రెదాటు గాని తీర్పు గాదు. కావున గడువు ముగియువరకు ఓట్ల లెక్కను మరుగుపరచుట మేలు. వాదములు బయట నుండవలెను. అంకెలు లోపల నుండవలెను.

ఓట్లు చీలిపోవుట వేరొక ప్రమాదము. నూరుమంది గల జట్టులో 63 మంది రాజును కాపాడుకొనవలెనని తలచిరనుకొందము. కాపాడు ఎత్తులు మూడున్నవి. వారి ఓట్లు 22, 21, 20గా చీలినవి. మిగిలిన 37 మంది తొందరపాటుతో దాడికి ఓటు వేసిరి. అప్పుడు నూటిలో 63 మంది వలదన్న దాడియే జట్టు ఎత్తగును! దీనికి విరుగుడు కలదు. మొదటి రెండు స్థానములు పొందిన ఎత్తులకు మాత్రము మరల ఓటు పెట్టవలెను. అప్పుడు రక్షణ కోరిన 63 మంది ఒక్కటగుదురు.

అంతకన్న సూక్ష్మమైన దోషము వ్యూహము నిలుకడ లేకపోవుట. నేడు దాడి కోరువారు నెగ్గి, రేపు రక్షణ కోరువారు నెగ్గినచో, ఏ ఎత్తునకు ఆ ఎత్తు మంచిదే యైనను ఆట చెడును. ఎడ్లు రెండును బలమైనవే. ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు లాగిన బండి కదలదు. కనుక మంచి జట్టు ముందు వ్యూహమును నిర్ణయించుకొని, పిదప ఎత్తును గూర్చి వాదించును. ఓడిన అభిప్రాయము గలవారు అలుగక, నెగ్గిన వ్యూహమును తమదిగానే భావించి తోడ్పడవలెను. నెగ్గినవారును ఓడినవారి హెచ్చరికలను మరువరాదు. రేపు వారి మాటయే నిజము కావచ్చును.

ఇక యంత్రముల సంగతి. నేడు చేతిలోని ఫోనులో ఇముడు చదరంగ యంత్రము ప్రపంచ విజేతకన్న బలమైనది. దాని నడిగి ఓటు వేయువాడు జట్టును గెలిపించినను జట్టునకు ద్రోహమే చేయును. పదిమంది మెదళ్లకు పని కల్పించుటకై పెట్టిన పోటీలో ఆతడు పదిమంది పనిని చెడగొట్టినవాడగును. ఈ నియమమును ఆటకు ముందే అందరికిని తెలియజేయుట నిర్వాహకుని విధి. ఒకరికి ఒకే ఓటు, చర్చకు చాలినంత గడువు, ఎదిరికి అందని చర్చావేదిక అనునవియు ఈ నియమముతోపాటు ఉండవలెను.

సామాన్యులు కూడి మహామహునికి సమానముగా నిలువజాలరను సందేహము ఇంకను మిగిలినచో 2025 నాటి ఆట చాలును. ఏప్రిలులో ప్రారంభమైన ఆ ఆటలో మాగ్నస్ కార్ల్‌సన్‌ను 1,43,000 మందికి పైగా గల విశ్వజట్టు ఎదుర్కొనినది. ఇందును ప్రతి ఎత్తునకు ఒక దినము గడువు. మే నెలలో విశ్వజట్టు ఒకే స్థితిని మూడుమార్లు తెప్పించి ఆటను సమము చేసినది.

ఇట్టి పోటీకి వేలమంది అక్కరలేదు, యంత్రములును అక్కరలేదు. పాఠశాలలో రెండు తరగతులు, గోడకు వ్రేలాడు ఒక చదరంగపు పటము, దినమున కొక ఎత్తు ఉన్న చాలును. విరామ వేళ వాదము, సాయంకాలము రహస్యపు ఓటు. రెండు నెలలలో ఆట ముగియును. అంతలో బాలురును బాలికలును ఎదుటివాని మాట తుదివరకు వినుట, కారణము చెప్పి ఒప్పించుట, ఓడిన నాడును కలసి నడచుట అభ్యసింతురు. రేపు గ్రామసభలోను, శాసనసభ ఎన్నికలలోను వారు వేయబోవు ఓటునకు ఇంతకన్న మంచి శిక్షణ వేరొకటి అరుదు. ఓటు హక్కు పదునెనిమిదవ యేట లభించును. ఓటు వేయు వివేకము మాత్రము అంతకు చాల ముందే అలవడవలెను.