తాళ్లు కడితేనే ఓడ అర్థమవుతుంది

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని హార్టిల్‌పూల్ రేవులో హెచ్ఎంఎస్ ట్రింకోమలీ అనే పాత తెరచాప యుద్ధనౌక ఇప్పటికీ నీటి మీదే నిలిచి ఉంది. దాన్ని కట్టింది మాత్రం మన బొంబాయిలో. పార్సీ నిపుణుడు జంషెడ్జీ బొమన్‌జీ వాడియా చేతుల మీదుగా, మలబారు టేకుతో తయారై 1817 అక్టోబరు 12న అది జలప్రవేశం చేసింది. అప్పటికే నెపోలియన్‌తో యుద్ధాలు ముగిసిపోవడంతో ఇంగ్లండ్ చేరాక దాదాపు పాతికేళ్లు పనిలేకుండా రేవులో పడి ఉంది. గెలిచిన యుద్ధాలను బట్టి ఓడలకు విలువ కట్టే చరిత్రలో దానికి రెండు వాక్యాలు దక్కితే గొప్ప. రెండు శతాబ్దాలు దాటినా చెక్కుచెదరని ఆ పనితనాన్ని చదవాలంటే మాత్రం వేరే దారి పట్టాలి. కొయ్యతో, దారంతో నమూనా కట్టడం అలాంటి దారి. దాన్ని తీరికున్నవాళ్ల కాలక్షేపంగా, డ్రాయింగ్ రూమ్ అలంకారంగా కొట్టిపారేస్తున్నాం. నిజానికి ఓడను యుద్ధవీరుడి వైపు నుంచి కాకుండా వడ్రంగి వైపు నుంచి, నావికుడి వైపు నుంచి చూడటం నేర్పే చదువు అది.

నక్షాలు ఉండగా నమూనా ఎందుకని అడగవచ్చు. ట్రింకోమలీ నక్షాలతో బయలుదేరిన హెచ్ఎంఎస్ జావా 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరానికి దూరంగా అమెరికా నౌక కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఓడి తగలబడింది. మళ్లీ నకళ్లు పంపాల్సి వచ్చింది. అంత కష్టపడి తెప్పించుకున్న కాగితం కూడా ఓడ ఒంటి వంపులనే చెబుతుంది. ఏ పక్కటెముకకు ఏ దుంగ పనికొస్తుందో, ముక్కు దగ్గర పలక ఎంత వంగితే విరగకుండా ఉంటుందో పనివాడి చేతికే తెలియాలి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ నౌకాదళం నక్షాలతో సరిపెట్టుకోకుండా 48వ వంతు కొలతలో నమూనాలూ చేయించింది. వాటిలో చాలావాటికి కింది సగం పలకలు వేయకుండా వదిలేశారు, లోపలి ఎముకలు కనబడాలని. గ్రీనిచ్‌లోని జాతీయ సముద్ర మ్యూజియంలో అలాంటివి ఎన్నో ఉన్నాయి.

అసలు పాఠం తాళ్ల దగ్గర మొదలవుతుంది. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఓడ విక్టరీకి సుమారు 42 కిలోమీటర్ల తాడు పట్టేదంటారు. ఆ అంకె వింటే ఆశ్చర్యం కలుగుతుందే తప్ప ఏమీ అర్థం కాదు. అర్థం కావాలంటే ఒక్క తెరచాప కొయ్యకు పక్క తాళ్లు కట్టి చూడాలి. ష్రౌడ్లు అనే ఆ మోకులను జంటలుగా వేస్తారు. ఒకే మోకును మధ్యకు మడిచి కొయ్య తలకు తగిలించి, రెండు కొసలనూ ఒకే వైపుకు దించుతారు. ముందు కుడివైపు ఒక జంట, తర్వాత ఎడమవైపు ఒక జంట, ఇలా మార్చి మార్చి వేయాలి. కింద మూడు రంధ్రాల కొయ్య బిళ్లల జతల్లోంచి సన్నతాడు దూర్చి బిగించాలి. ఒక్కటి ఎక్కువ బిగిస్తే కొయ్య అటు ఒరిగి, దాని పక్క తాళ్లు వదులైపోతాయి. ఇక ష్రౌడ్లకు అడ్డంగా కట్టే మెట్లతాళ్ల మధ్య దూరం అసలు ఓడలో 13 నుంచి 15 అంగుళాలు. 48వ వంతులో అది 7, 8 మిల్లీమీటర్లకు మించదు. అందంగా ఉంటుందని దాన్ని 12 చేశామా, ఏ నావికుడూ ఎక్కలేని నిచ్చెన తయారవుతుంది. తుపాను రాత్రి తెరచాప చుట్టడానికి పైకెక్కే మనిషి కాలు ఎంత చాపగలదో ఆ కొలతలోనే ఉంది. యుద్ధవర్ణనల్లో కనిపించని మనిషి అక్కడ దొరుకుతాడు.

ఇదంతా కంప్యూటర్లో ఇంకా కచ్చితంగా చేయవచ్చు కదా అన్నది గట్టి అభ్యంతరమే. పక్కటెముకల కొలతలు తీయడానికి, లేజర్‌తో ముక్కలు కోయడానికి కంప్యూటర్‌ను మించింది లేదు. కొయ్య నమూనా కూడా అబద్ధాలాడుతుంది. పొడవు 48వ వంతుకు తగ్గితే బరువు లక్షో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. అందుకే అసలు ఓడలో తన బరువుకే వేలాడే మోకు, నమూనాలో గాలిలో తేలినట్టు నిలబడుతుంది. దాన్ని కావాలని కిందికి వంచి జిగురు పెట్టాలి. అయితే తెర మీది గీతకు బిగువు ఉండదు. బిగువు లెక్క మనం ముందే చెప్పి ఉంటే తప్ప తాళ్లను ఏ వరసలో కట్టినా అది ఊరుకుంటుంది. కొయ్య, దారం ఊరుకోవు, చేసిన తప్పును అక్కడికక్కడే చూపిస్తాయి.

రెండో అభ్యంతరం బరువైనది. ఇవి వలస పాలకుల ఆయుధాలు, వాటిని ముద్దుగా అద్దాల పెట్టెలో పెట్టడం ఎందుకు అని. ఫిరంగి రంధ్రాలను ఏ నమూనా దాచదు, దాచకూడదు కూడా. కానీ ఇంగ్లండ్‌లో ఓక్ కలపకు కరువొచ్చినప్పుడు బ్రిటిష్ నౌకాదళం మన అడవుల మీద, మన పనివాళ్ల మీద ఎంతగా ఆధారపడిందో ట్రింకోమలీ పలకల కన్నా బాగా చెప్పే సాక్ష్యం అరుదు. కెప్టెన్ల పేర్లు ఫలకాల మీద చెక్కుతారు. పలకలు పరిచిన వడ్రంగుల పేర్లు ఎక్కడా ఉండవు. ఆ పనిని మళ్లీ చేసి చూసినవాడే వాళ్లకు దక్కాల్సిన వాటా ఎంతో లెక్కగట్టగలడు.

ఖర్చు, కాలం సంగతంటారా, ఓడంతా కట్టనక్కర్లేదు. నడిమి కొయ్య దగ్గర ఓడను అడ్డంగా కోసినట్టు ఒక్క ముక్క కట్టి, దానికి తాళ్లు బిగిస్తే పక్కటెముకలు, డెక్కులు, ష్రౌడ్లు, కప్పీలు అన్నీ పట్టుబడతాయి. పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో అది మోయలేని భారం కాదు. ఈ మాట మనకు మరీ వర్తిస్తుంది. గోదావరి పాయ ఒడ్డున కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దాన్ని ఊడ్చేసింది. అక్కడ కట్టిన తెరచాప ఓడల్లో చూపించుకోవడానికి మనకు ట్రింకోమలీ లాంటిది ఒక్కటీ మిగల్లేదు. కొయ్యపడవల పని తెలిసిన చేతులు మాత్రం ఆ తీరంలో ఇంకా ఉన్నాయి. వాళ్లను గురువులుగా కూర్చోబెట్టి, విద్యార్థుల చేత తాళ్లతో సహా నమూనాలు కట్టించి మ్యూజియంలో పెట్టాలి. రేవు చరిత్ర మీద మరో స్మారక స్తంభం కన్నా ఇది చవక, ఎక్కువ నేర్పుతుంది కూడా.