రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్‌ను వైద్యంగా గుర్తించాలి, సర్జన్‌ను విచారించి ఎంచుకోవాలి

ఈ కాగితాన్ని ఇంట్లో మగవాళ్ల చేత కూడా చదివించండి.

మెడ నొప్పి, భుజాల నొప్పి, నడుం నొప్పి అంటూ ఏళ్ల తరబడి అమృతాంజనం రాసుకునే ఆడవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరి నొప్పికి మూలం రొమ్ముల బరువు. ఆ మాట డాక్టరు దగ్గర అనడానికి నోరు రాదు, కన్నతల్లితో కూడా చెప్పుకోరు. బ్రా పట్టీలు భుజాల్లోకి దిగి గాడులు పడతాయి. రొమ్ముల కింద మడతలో చెమట ఆరక చర్మం ఒరుసుకుపోతుంది, ఫంగస్ పట్టి దురద, పుండు, వాసన. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ అవస్థ పడేవాళ్లకే తెలుసు. కొందరికి చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. నాట్లు వేసేటప్పుడు, వంగి ఇల్లు తుడిచేటప్పుడు ఆ బరువంతా మెడ మీదే పడుతుంది. వయసొచ్చిన పిల్లయితే ఆటలు మానేస్తుంది, పుస్తకాలు ఎదకు అదుముకుని వంగి నడుస్తుంది. అలా వంగి నడవడం వల్ల వెన్ను ఇంకా పాడవుతుంది.

దీన్ని వైద్యులు మాక్రోమాస్టియా అంటారు. దీనికి ఆపరేషన్ ఉంది. అదనంగా ఉన్న కొవ్వును, గ్రంథిని, చర్మాన్ని తీసేసి, చనుమొనను పైకి జరిపి కుడతారు. ఒక్కో వైపు అర కేజీ, ఒక్కోసారి కేజీకి పైగా తీస్తారు. ఇది నిన్న మొన్న వచ్చిన పద్ధతి కూడా కాదు. ఇప్పటికీ చాలామంది సర్జన్లు కోతకు ముందు చర్మం మీద గీసుకునే నమూనాను వైజ్ అనే అమెరికన్ వైద్యుడు 1956లో ప్రచురించాడు.

పెళ్లయితే సర్దుకుంటుందని పెద్దవాళ్లు అంటారు. కానీ కాన్పులతో కొందరికి బరువు ఇంకా పెరుగుతుంది. ఒళ్లు తగ్గమని ఇంకొందరు అంటారు. ఒళ్లు తగ్గితే మేలే, కొవ్వు ఎక్కువున్న రొమ్ము కొంత తగ్గుతుంది కూడా. గ్రంథి ఎక్కువున్న రొమ్ము మాత్రం సన్నబడ్డ మనిషిలో కూడా అలాగే ఉంటుంది. అమెరికాలో చాలామంది స్త్రీలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలింది ఇదే: ప్రత్యేకమైన బ్రాలు, ఫిజియోథెరపీ, బరువు తగ్గడం, నొప్పి మాత్రలు శాశ్వతమైన ఉపశమనం ఇవ్వలేదు, ఆపరేషన్ ఇచ్చింది. ఎన్ని గ్రాములు తీశారన్న దానితో ఆ ఉపశమనానికి పెద్దగా సంబంధం లేదని కూడా అందులో తేలింది. ఈ రెండో మాటను బీమా కంపెనీలు చెవిన పెట్టాలి.

ఇంత బాధ తీర్చే ఆపరేషన్‌ను మన వ్యవస్థ సోకుల ఖాతాలో రాస్తోంది. ఆరోగ్య బీమా పాలసీల్లో ఏవి చెల్లించనక్కర్లేదో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒకే మూసలో రాసి ఇచ్చింది. ఆ జాబితాలో ఎనిమిదో అంశం కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే అవసరమైన చికిత్స అయితే, వైద్యం చేస్తున్న డాక్టరు అలా ధ్రువీకరిస్తే చెల్లించవచ్చని కూడా ఉంది. అయితే ఏళ్లుగా మెడను అరగదీస్తున్న బరువు "తక్షణ" ముప్పు ఎలా అవుతుందని కంపెనీ అడగవచ్చు. ఆ ఒక్క మాట అడ్డు పెట్టుకుని తలుపు మూసేయవచ్చు. జీఎస్టీ దగ్గరా ఇదే చిక్కు. వైద్య సేవలకు పన్ను లేదు కానీ, పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన లోపం, గాయం వల్ల దెబ్బతిన్న శరీరాన్ని సరిచేయడానికి తప్ప మిగతా కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకు ఆ మినహాయింపు వర్తించదు. అంటే బాధ మెడలో ఉన్నా, బిల్లులో పన్ను పడుతుందా లేదా అన్నది కాగితం మీద దాన్ని ఏమని రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

అందుకే మేం కోరుతున్నాం. ఎన్నాళ్లుగా నొప్పి ఉంది, చర్మం ఎలా ఉంది, ఇంతవరకు ఏ చికిత్సలు చేశారు అన్న వాటి ఆధారంగా ఈ ఆపరేషన్ ఎప్పుడు వైద్య అవసరమో ఐఆర్‌డీఏఐ స్పష్టంగా రాయాలి. ఎన్ని గ్రాములు తీస్తారన్న లెక్క ఒక్కటే కొలమానం కాకూడదు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాల్లో దీన్ని పేరు పెట్టి చేర్చాలి, లక్షణాలున్న పేదింటి ఆడవాళ్లకు ఉచితమని ఆసుపత్రి గోడ మీద రాయాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్, విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట్ల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. ఈ పనికి కావలసిన చేతులు ప్రభుత్వం దగ్గర ఉన్నాయన్నమాట. బట్టతలకు, ముడతలకు చేసే చికిత్సలతో దీన్ని ఒకే గాటన కట్టడం ఆడవాళ్లకు చేస్తున్న అన్యాయం.

నియమాలు మారేదాకా ఆగమని మిమ్మల్ని అనడం లేదు. బీమా ఉంటే, ఇన్నేళ్లలో ఎముకల డాక్టరు, చర్మం డాక్టరు రాసిన చీటీలు, ఫిజియోథెరపీ రసీదులు పారేయకండి. ఆపరేషన్ ఎందుకు అవసరమో సర్జన్ చేత ఉత్తరం రాయించి, ముందుగా అనుమతి అడగండి. కాదంటే ఎందుకు కాదో రాతలో ఇమ్మనండి. కంపెనీకే మొదట ఫిర్యాదు చేయండి. వాళ్లు తిరస్కరించినా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక సర్జన్ సంగతి. పెళ్లి సంబంధానికి ఊరంతా ఆరా తీసే మనం, ఒంటి మీద కత్తి పెట్టే మనిషి గురించి ఒక్క ప్రశ్న వేయడానికి మొహమాటపడతాం. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. బోర్డు మీద "కాస్మెటిక్ సర్జన్" అని ఉంటే చాలదు, అది జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన డిగ్రీ పేరు కాదు. మీరు వెతకాల్సింది ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్, లేదా డీఎన్‌బీ, దీన్నే ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు. సాధారణంగా ఎంబీబీఎస్, జనరల్ సర్జరీలో ఎంఎస్ అయ్యాక మరో మూడేళ్లు చదివితే వచ్చే అర్హత ఇది. కొద్ది రోజుల కోర్సు చేసి గోడకు తగిలించిన ఫెలోషిప్ సర్టిఫికెట్ దీనికి సాటి రాదు. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా, రసీదు మీదా చూపాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది. ఆ నంబరు రాసుకోండి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లే చూసిపెడుతుంది. ప్లాస్టిక్ సర్జరీ అర్హత నమోదైందో లేదో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో అడగండి.

తర్వాత మనిషిని చూడండి. ఈ ఆపరేషన్ మీరు తరచూ చేస్తారా, నాకు మీరే చేస్తారా, వేరెవరైనా చేస్తారా అని అడగండి. మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు, ఆపరేషన్ జరిగినంతసేపూ ఆయన గదిలోనే ఉంటారా? ఇది పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పట్టే పని. రాత్రికి రక్తస్రావమైతే తిరిగి ఆపరేషన్ గదికి తీసుకెళ్లే ఏర్పాటు, ఐసీయూ, రక్తం దొరికే దారి ఉండాలి. చెడ్డ ఫలితాలేమైనా వచ్చాయా అని కూడా అడగండి. "అసలు ఏ సమస్యా రాదు" అనే సర్జన్ దగ్గర నుంచి లేచి రండి. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు ఆడమనిషి పక్కన ఉండాలని కోరడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అది ఉంది. రెండో డాక్టరు సలహా తీసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. ఫొటోలు తీస్తారు, అవి వైద్యానికి అవసరమే. వాటిని ఎక్కడ దాస్తారో, ఎవరికి చూపుతారో రాతలో తీసుకోండి. పండగ డిస్కౌంటు, ఈ వారమే బుక్ చేసుకోండి అనే చోటికి వెళ్లకండి. ఆపరేషన్ మీద తొందర మీకు ఉండవచ్చు, డాక్టరుకు ఉండకూడదు.

సంతకం పెట్టే కాగితం గురించి గట్టిగా అడగాలి. సమీరా కోహ్లీ అనే రోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది: చికిత్స ఏమిటి, ఎందుకు, దాని ముప్పులేమిటి, వేరే దారులేమున్నాయి అన్నది తగినంతగా చెప్పి తీసుకున్నదే సమ్మతి. మత్తులోకి వెళ్లబోతున్న మనిషి చేతిలో నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితం పెట్టి సంతకం చోటు చూపిస్తే అది సమ్మతి ఎలా అవుతుంది? ప్రతి ఆసుపత్రీ ఈ కాగితం తెలుగులో, కనీసం ఒక రోజు ముందు ఇవ్వాలన్నది మా కోరిక. అందులో మచ్చల సంగతి ఉండాలి. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, చాలామందికి కింది మడత వెంట అడ్డంగా మచ్చలు మిగులుతాయి. అవి ఏడాదికి పలచబడతాయి, పూర్తిగా పోవు, కొందరి ఒంటి తీరుకు ఉబ్బి గట్టిపడతాయి. స్పర్శ తగ్గవచ్చు. కోత గీతలు కలిసే చోట పుండు మానడానికి ఆలస్యం కావచ్చు. రెండు వైపులా అచ్చంగా ఒకేలా రాకపోవచ్చు. పిల్లలకు పాలివ్వడం కొందరికి వీలవుతుంది, కొందరికి కాదు. రొమ్ములు మరీ పెద్దవైనప్పుడు చనుమొనను పూర్తిగా తీసి తిరిగి అతికిస్తే ఆ తర్వాత పాలివ్వడం కుదరదు. త్వరలో పిల్లల్ని కనాలనుకునేవారు కాన్పులయ్యాక చేయించుకోవడం మేలు. పాలు మాన్పించాక కూడా కొన్ని నెలలు ఆగాలి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకైతే ఎదుగుదల ఆగిందని తేలేదాకా ఆగమనే సాధారణంగా చెబుతారు. తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపాలి. తెలియని క్యాన్సర్ అందులో అప్పుడప్పుడు బయటపడుతుంది. అది బిల్లు తగ్గించుకునే చోటు కాదు.

తయారీ ఆపరేషన్ తేదీకి వారాల ముందే మొదలవుతుంది. మొదట రక్తం చూపించుకోండి. ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హిమోగ్లోబిన్ తక్కువుంటే ముందు దాన్ని పెంచుకోవాలి. షుగరు అదుపులో ఉండాలి. నలభై దాటినవారికి మామోగ్రామ్, చిన్నవయసు వారికి అవసరాన్ని బట్టి స్కానింగ్ చేస్తారు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే దాచకండి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారు, పొగాకు నమిలేవారు కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానాలి. మానకపోతే చనుమొనకు రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మాత్రలు, నొప్పి మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, ఆయుర్వేద మందులు, ఏవి వాడుతున్నా సర్జన్‌కు, మత్తు డాక్టరుకు చెప్పండి. వారు ఆపమన్నప్పుడే ఆపండి, సొంతంగా ఆపకండి.

ఇంట్లోవాళ్లు కూడా సిద్ధపడాలి. నాలుగు నుంచి ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాస్ బండ, చంటిబిడ్డ, ఏదీ ఎత్తకూడదు. చేతులు పైకెత్తి దండెం మీద బట్టలు ఆరేయకూడదు, డాక్టరు సరేననేదాకా బండి నడపకూడదు. ముందు గుండీలుండే నైటీలు, సర్జన్ చెప్పిన గట్టి బ్రాలు రెండు ముందే కొనిపెట్టుకోండి. వంట ఎవరు చేస్తారో, పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్తారో ముందే మాట్లాడుకోండి. భర్తలారా, అత్తలారా, ఆ నెలన్నర మీది. ఆపరేషన్ అయిన పదో రోజున ఆమెను పొయ్యి దగ్గర నిలబెడితే, కుట్లు విడిపోయిన నింద డాక్టరు మీద వేయకండి. జ్వరం, ఒక వైపే పెరిగే వాపు, చనుమొన నల్లబడటం, పిక్కలో నొప్పి, ఆయాసం, ఇందులో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఈ బాధ పడుతున్న మనిషి మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఉంటుంది. ఆమెతో ఈ మాట మీరే ముందు ఎత్తండి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. ఆరోగ్యశ్రీ, వైద్య సేవ ట్రస్టులకు, మీ ఎమ్మెల్యేకు, మీ బీమా కంపెనీకి ఈ కోరికలు మీ పేరుతో, మీ సంతకంతో రాసి పంపండి. ఈ కరపత్రం చదివాక మరో ఆడమనిషి చేతికి ఇవ్వండి.