ధాన్యం కొనుగోలులో కౌలు రైతు స్థానంపై తీర్మానం

(కృష్ణా డెల్టా రైతులు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు, హమాలీలు విజయవాడలో సమావేశమై ఆమోదించినది)

ఈ సభ గుర్తిస్తున్నది: 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ డెల్టాలో 13 లక్షల ఎకరాలకు పైగా నీరిస్తున్నది. ఆ నీటితో పండిన గింజ మీద ప్రభుత్వ అదుపు 1991 తర్వాత మెల్లమెల్లగా సడలింది. మిల్లరు ఆడించిన బియ్యంలో ప్రభుత్వానికి ఇవ్వవలసిన లెవీ 2014లో 25 శాతానికి తగ్గి, 2015 అక్టోబరు 1తో రద్దయింది.

ఈ సభ ఇంకా గుర్తిస్తున్నది: లెవీ రోజుల్లో మిల్లరు ధాన్యం చూసి కొన్నాడు, అది ఎవరి పేరున ఉందో అడగలేదు. నేడు ప్రభుత్వ కొనుగోలు కళ్లం దాకా వచ్చింది. అయితే ఈ-పంట నమోదు, బ్యాంకు ఖాతా, రైతు పేరు చూశాకే కాటా వేస్తారు. పేరు లేనివాడు రాశిని దళారికి అప్పగిస్తున్నాడు. డెల్టాలో అలాంటివాడు చాలావరకు కౌలు రైతే.

ఈ సభ విచారిస్తున్నది: 2011 చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని, దాని మీద యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. భూమిపై యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టమే చెబుతున్నా సంతకానికి చెయ్యి రావడం లేదు. తాత ముత్తాతల నాటి భూమి పోతుందేమోనన్న ఆ భయాన్ని ఈ సభ తప్పుపట్టదు. సభలో యజమానులూ ఉన్నారు. అయితే ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది దున్నేవాడు.

ఈ సభ గుర్తుచేస్తున్నది: 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నాటికి సార్వా మాసూళ్లు సాగుతున్నాయి. పనలు నీట మునిగాయి, కుప్పలు తడిశాయి. తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని ఏం చేయాలో తెలియక రైతులు రోడ్ల మీద ఆరబోసుకున్నారు. నమోదులో పేరు లేని కౌలు రైతుకు అమ్మకమూ కష్టమైంది, పరిహారమూ దూరమైంది. కౌలు బస్తాలు మాత్రం కొలవక తప్పలేదు.

ఈ సభ స్పష్టం చేస్తున్నది: లెవీ కాలం తిరిగి రావాలని కోరడం లేదు. ప్రభుత్వ అదుపు తొలగిన చోటికి వ్యాపారి ఒక్కడే రావాలన్న నియమమూ లేదు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సర్కారు వాటా ధనం లేని సంఘాలకు దారి తీసింది. కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ ఆ తీరులో నడుస్తున్నదే. రెండు గేదెలున్న ఇల్లు పాలు పోసి పేరు రాయించుకోగలిగినప్పుడు, రెండెకరాలు కౌలు చేసేవాడి పేరు ధాన్యానికి ఎందుకు ఎక్కదు?

కనుక ఈ సభ తీర్మానిస్తున్నది: యజమాని సంతకం లేకపోయినా, గ్రామసభలో విచారించి, సరిహద్దు రైతుల మాట నమోదు చేసి సాగుదారు కార్డు ఇవ్వాలి. ఈ కార్డుతో భూమిపై ఏ హక్కూ రాదని దాని మీదే అచ్చు వేయాలి. కూలి మహిళలు జట్టుగా కౌలుకు తీసుకున్న చోట కార్డు వారి పేరునే ఉండాలి.

ఈ సభ తీర్మానిస్తున్నది: 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. డెల్టా లెక్కలో 75 కిలోల బస్తాకు రూ.1,776.75. ఈ బస్తా ధరను ప్రతి కాటా దగ్గర పెద్ద అక్షరాలతో రాయాలి. తరుగు ఎంత తీశారో, ఎందుకు తీశారో రసీదులో ఉండాలి. రసీదు లేని తరుగు చెల్లదు.

ఈ సభ తీర్మానిస్తున్నది: ధాన్యం ఆరబెట్టే యంత్రాలు, గిడ్డంగులు ప్రభుత్వ సాయంతో కట్టి రైతు సంఘాలకు అప్పగించాలి. కౌలు రైతుకు సభ్యత్వం నిరాకరించే సంఘానికి ఆ సాయం అందకూడదు. హమాలీ కూలి రైతు సొమ్ములోంచి కోయరాదు.

మెట్ట ప్రాంతపు పత్తి, మిర్చి సంగతి ఈ తీర్మానంలో చేర్చలేదు. దాని లెక్క వేరు.

ప్రతులను కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు, గుంటూరు, బాపట్ల జిల్లాల కలెక్టర్లకు పంపాలి. కౌలు మాటలు కుదిరే వేసవిలోనే, ఏరువాకకు ముందు, ఊరూరా చదివి వినిపించాలి.