వాము ఆకు మొక్క పెంచండి, కానీ...

ప్రతి ఇంటి పెరట్లో వాము ఆకు మొక్క ఒకటి ఉండాలని నా అభిప్రాయం. (వాము గింజలు కాసే మొక్క వేరు.) విత్తనం అక్కర్లేదు, పొరుగింటి నుండి జానెడు కొమ్మ తెచ్చి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే చాలు. మనం చేసే పొరపాటల్లా రోజూ చెంబులకొద్దీ నీళ్ళు పోయడమే. వేరు కుళ్ళిపోతుంది. పైమట్టి ఆరాకే పోయండి. కొసలు తుంచుతుంటే గుబురుగా పెరుగుతుంది, తుంచినవి బజ్జీలకు పనికొస్తాయి!

జలుబు చేసినప్పుడు పెద్దవాళ్ళు దీని కషాయం తాగితే నాకు అభ్యంతరం లేదు. పసిబిడ్డకు మాత్రం రసం పోసి 'రెండు రోజులు చూద్దాం' అనుకోకండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, లేక అంతకన్నా ఎక్కువ ఉంటే, లేదా డొక్కలు ఎగరేస్తుంటే, అది న్యుమోనియా కావచ్చు. రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.