బదనికను గుర్తుపట్టే చదువు

బొద్దింక బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం. మన కొబ్బరిని కాపాడే బదనికను మాత్రం గుర్తుపట్టలేం. పి.గన్నవరం పిల్లలకు ఇది తగిన చదువేనా అని నా ప్రశ్న.

బదనికలంటే చీమంత కందిరీగలు. నల్లముట్టె పురుగు ఒంటిమీద గుడ్లు పెట్టి దాన్ని చంపుతాయి. పక్కనే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో వీటిని పెంచుతారు. వీటి ప్రజాతులు తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. గోనియోజస్ నల్లన, తల పొడవుగా అణిగినట్టుంటుంది. బ్రాకన్‌కు నోటిపైన గుండ్రటి గుంట. వరిలో కాండం తొలిచే పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా మిల్లీమీటరైనా ఉండదు. చాలా కందిరీగల పాదానికి అయిదు కణుపులుంటే దీనికి మూడే. ఇది మైక్రోస్కోపులోనే కనిపిస్తుంది.

ఇదంతా దేనికంటారా? 2016లో మన దేశంలో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమను ఎన్‌కార్సియా అనే బదనిక అదుపు చేస్తోంది. అది తెలియక తోటంతా మందు కొడితే ముందు చచ్చేది ఆ మిత్రుడే!

సిలబస్ మారేదాకా ఆగడమెందుకు? అధ్యాపకులు ఏడాదికి ఒక్క ప్రాక్టికల్ కొబ్బరితోటలో పెట్టాలి. మిత్రులారా, మనం తలా ఒక భూతద్దం కొనుక్కుందాం. మందుడబ్బా ఎత్తబోయే నాన్నకు "ఆగు, ఇది మనదే" అని చెప్పగలిగితే, ఆ డిగ్రీ సార్థకం.