పండుగ ఖర్చు - ఇల్లాలి శ్రమ

పండుగ దగ్గర పడుతున్నదంటే పిల్లలకు సంబరం, ఇల్లు నడిపేవారికి దిగులు. కొత్త బట్టలు, అల్లునికి మర్యాదలు, స్వగ్రామ ప్రయాణం - ఈ మూడింటికీ జీతంలో ప్రత్యేకమైన పద్దు ఏదీ లేదు. ఆ లోటును నేడు మన ఇళ్ళలో పూడుస్తున్నది ఎవరు? ఈ ప్రశ్నను మన సంఘాలు అడగవలసినంత గట్టిగా అడగటం లేదని నా అభిప్రాయం.

గత సంక్రాంతికి ముందు భిలాయి సెక్టర్ 2లో బంధువుల క్వార్టరులో మూడు రోజులు గడిపాను. భిలాయి మనకు పరాయి ఊరు కాదు. 1959 ఫిబ్రవరి 4న ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది మొదలు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళినవి. మనం నడిపే బళ్ళ క్రింది పట్టాలు అక్కడ తయారైనవే. దుర్గ్ నుండి రాయపూర్, రాయగడ, పార్వతీపురం మీదుగా విశాఖకు వచ్చే బళ్ళు పండుగ ముందు మనవారితో కిటకిటలాడుతాయి.

ఆ క్వార్టరు పెరట్లో ముగ్గురు స్త్రీలు అరిసెలు వండుతున్నారు. ఒకామె భర్త కర్మాగార కార్మికుడు. రెండవ ఆమె భర్త రైల్వేలో ట్రాక్‌మన్. మూడవ ఆమె భర్తను పోగొట్టుకొని జాకెట్లు, చీరల ఫాల్సు కుట్టి జీవిస్తున్నది. బియ్యం నానబోయటం, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించటం, పాకం పట్టటం, వేయించి నూనె వత్తటం - ఒక్క క్షణం ఏమరినా సరుకు పాడవుతుంది. పాకం ముదిరితే అరిసె రాయి అవుతుంది. లేతదైతే నూనెలో విరిగిపోతుంది.

మూడు రోజులలో పది కిలోలు తయారైనవి. బియ్యం, బెల్లం, నూనె, నువ్వులు, గ్యాసు ఖర్చు పోగా కిలోకు నూరు రూపాయలు మిగిలినవి. అనగా మొత్తం వేయి రూపాయలు. ముగ్గురు మూడు రోజులు చేసిన పని తొమ్మిది పనిదినాలు. రోజుకు ఒక్కొక్కరికి దక్కినది 111 రూపాయలు! “మరి మీ కూలి ఏ పద్దులో వేశారమ్మా?” అని అడిగితే ఆ ట్రాక్‌మన్ భార్య నవ్వి, “కూలేటి అన్నయ్యా, ఇంటి పనే కదా!” అన్నది.

ఈ ఒక్క మాటలోనే సమస్య అంతా ఉన్నది. దీనికి గోదావరి తీరంలోని నరసాపురమే సాక్ష్యం. అక్కడి స్త్రీలు ఇళ్ళలో కూర్చుండి అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయినది. మరియా మీస్ అను జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ స్త్రీల జీవితాలను పరిశీలించి 1982లో గ్రంథం వెలువరించినది. వారిని గృహిణులనీ, వారి పనిని తీరిక వేళ కాలక్షేపమనీ లెక్కకట్టటమే వారి కూలి అంత తక్కువగా ఉండటానికి మూలమని ఆమె చూపినది. శ్రమకు పేరు మార్చితే చాలు, దాని విలువ పడిపోతుంది.

ఇక మన లెక్కకు వద్దాము. 2025లో రైల్వే ఉద్యోగులకు 78 రోజుల బోనసు ప్రకటించారు. కాని లెక్కకు తీసుకొన్నది నెలకు 7,000 రూపాయలే. కనుక ఒక ఉద్యోగికి గరిష్ఠంగా 17,951 రూపాయలు వచ్చినవి. 2016 నుండి అమలైన ఏడవ వేతన సంఘం కనీస వేతనం 18,000 రూపాయలు. ఆ కనీస వేతనంపైననే లెక్కిస్తే బోనసు 46,159 రూపాయలు అవుతుంది. తేడా 28,208 రూపాయలు. ఆ ట్రాక్‌మన్ ఇంటి లోటును కిలోకు నూరు చొప్పున పూడ్చాలంటే ఆ ఇల్లాలు 282 కిలోల అరిసెలు వండవలె! పండుగ అడ్వాన్సు సంగతి కూడా అంతే. ఏడవ వేతన సంఘం తరువాత వడ్డీలేని అడ్వాన్సు రద్దయినది. 2020 అక్టోబరులో 10,000 రూపాయలు ఒక్కసారికి మాత్రమే ఇచ్చి, పది వాయిదాలలో వసూలు చేశారు.

గ్రామీణ డాక్ సేవకుల స్థితి మరీ విచిత్రము. వేరొక జీవనాధారం ఉండాలన్నది వారి నియామకానికే షరతు. పూర్తి బ్రతుకుతెరువు ఇవ్వజాలనని ముందే ఒప్పుకొన్న ఉద్యోగమది.

అయితే ఇంటి వద్ద నాలుగు రూపాయలు సంపాదించటం తప్పా? ఎంతమాత్రము కాదు. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు, కుట్టుపని, పిల్లలకు చదువు చెప్పటం - ఇవన్నీ గౌరవమైన పనులే. వడ్డీవ్యాపారి గడప తొక్కుట కంటె పొయ్యి ముందు కూర్చుండుట మేలు. కాని శ్రమకు వెల కట్టి మరీ అమ్మవలె. సరుకు ధరలో మొదట వేయవలసిన పద్దు కూలి, తక్కినవి తరువాత.

ఒంటరిగా అమ్మేవారికి ఇది సాధ్యం కాదు. 1959లోనే బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తుట ప్రారంభించారు. అదే లిజ్జత్ సంస్థ. అందులో పనిచేసేవారే యజమానులు. 1972లో అహ్మదాబాదులో ఎలా భట్ నాయకత్వాన ‘సేవా’ను కార్మిక సంఘంగా రిజిస్టరు చేయబోతే, యజమాని లేని సంఘమేమిటని అధికారులు అభ్యంతరం తెలిపారు. అయినను వారు పట్టుబట్టి సాధించారు. ఇంటివద్ద పనిచేసేవారికి సమాన గౌరవం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించినది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 1966 నాటి రైల్వే ప్రవర్తనా నియమావళిలోను, తపాలా ఉద్యోగులకు వర్తించే 1964 నాటి కేంద్ర నియమావళిలోను 15వ నిబంధనను చూడండి. ముందస్తు అనుమతి లేక ఉద్యోగి వ్యాపారం చేయరాదు. కుటుంబసభ్యులు వ్యాపారం చేస్తే శాఖకు తెలియజేయవలె. కనుక ఇల్లాలి సరుకును కార్యాలయంలో బల్లల చుట్టూ త్రిప్పి అమ్మి, చార్జిషీటు తెచ్చుకొనవద్దు. ఆహార పదార్థాలకు 2006 ఆహార భద్రతా చట్టం క్రింద నమోదు చేయించుకొనుట కూడా మరువరాదు.

ప్రతి శాఖా సంఘం ఈ విషయమై రెండు పనులు చేపట్టవలె. ఒకటి, కాలనీలోని స్త్రీలు కలసి సరుకులు టోకున కొని, కూలి కలిపి ధర నిర్ణయించుకొనేటట్లు సహకార సంఘాలకు తోడ్పడటం. రెండు, బోనసు లెక్కకు 7,000 రూపాయల పరిమితిని తొలగించి, వాస్తవ వేతనంపై బోనసు చెల్లించాలని పోరాడటం. మొదటిది చేసి రెండవది విడిచిపెడితే, ప్రభుత్వం ఇవ్వవలసిన దానిని మన ఇల్లాళ్ళ చేత కట్టించినవారమవుతాము.

పండుగనాడు ఇల్లాలు అరిసెలు వండితే అది ఇంటి సంబరం కావలె. మనకు రావలసిన బోనసుకు బదులు కారాదు.