డిగ్రీకి విలువ లేదనకండి, సర్టిఫికెట్లు ఇప్పించండి

సంపాదకులకు,

"డిగ్రీ చదివి ఏం లాభం, ఏదో ఒక పని నేర్చుకుంటే నాలుగు డబ్బులొస్తాయి" అనే మాట ఈమధ్య టీవీ చర్చల్లోనూ, పెళ్లి పందిళ్లలోనూ, చివరికి ఉపాధ్యాయుల నోటా వినిపిస్తోంది. నిజామాబాద్ జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో కామర్స్ చెప్పి రిటైరైన నాకు ఇది విన్నప్పుడల్లా భయమేస్తుంది. ఎందుకంటే దీన్ని నమ్మేది బీద ఇళ్లవాళ్లే. కలవాళ్లెవరూ తమ పిల్లల చేత డిగ్రీ మాన్పించడం నేను చూడలేదు.

ఇలా అనేవారు తరచూ ఒక లెక్క చూపిస్తారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామ్యంతో 2024లో వెలువడిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతమే. అంటే చదువు లేకపోతేనే పని దొరుకుతుందనా? చదువు రాని కుర్రాడు ఏ రోజుకారోజు కూలికి పోవాల్సిందే. ఆర్నెల్లు ఆగి మంచి పని వెతుక్కునే వీలు వాడికి లేదు. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023 నివేదికలో ఇంకో లెక్క ఉంది. 25 ఏళ్లలోపు పట్టభద్రుల్లో 40 శాతానికి పైగా నిరుద్యోగులైతే, 35 దాటినవారిలో 5 శాతం కూడా లేరు. దొరికిన పనితో సర్దుకున్నవారూ వీరిలో ఉంటారు, నిజమే. అయినా పాతికేళ్లలోపు పిల్లల్ని చూసి డిగ్రీ దండగని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఉద్యోగాలు తక్కువేనన్నది కాదనను. 2022 చివర్లో వచ్చిన తెలంగాణ గ్రూప్-4 నోటిఫికేషన్‌లో 8 వేల పైచిలుకు పోస్టులకు దాదాపు 9.5 లక్షల మంది దరఖాస్తు చేశారు. కానీ ఆ దరఖాస్తుకూ డిగ్రీ కావాలి. బ్యాంకు క్లర్కు పరీక్షకూ కావాలి, బీఈడీలో చేరడానికీ కావాలి. డబ్బూ, పలుకుబడీ లేని ఇంటి పిల్లకు పోటీలో నిలబడే అర్హతనిచ్చే కాగితం అదొక్కటే.

ఆ కాగితమే పిల్లల చేతికి రావడం లేదు. నా అసలు ఆవేదన ఇదే. మా వీధిలో బీడీలు చుట్టి బతికే ఒక తల్లి కూతురు ప్రైవేటు కాలేజీలో బీకాం పాసైంది. పీజీ ప్రవేశ పరీక్ష సీపీజెట్ రాసి ఎంకాం సీటు తెచ్చుకుంది. టీసీ, మెమోల కోసం వెళితే "మీ ఆర్టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) పడలేదు, మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లు, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం" అన్నారు. ఆ తల్లి మహిళా సంఘంలో అప్పు తీసుకుని కట్టింది. అప్పు పుట్టనివాళ్ల పిల్లలు సీటు వదులుకుని ఏ షాపులోనో చేరిపోతున్నారు. ఆ తర్వాత మనమే "చూశారా, డిగ్రీ చదివి షాపులో పనిచేస్తోంది" అంటున్నాం.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్లే ఇలాంటి ఇళ్ల నుంచి మొదటిసారి పట్టభద్రులు వచ్చారు. కాలేజీల ఇబ్బందీ నాకు తెలుసు. ఈ పథకం కింద ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. అధ్యాపకుల జీతాలు ఆగిపోతున్నాయంటే అదీ అన్యాయమే. కానీ ఆ బాకీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్యది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ మంజూరైన విద్యార్థి ఎవరికీ బాకీ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది.

నిధులు ఎప్పుడొస్తాయో గాని, విశ్వవిద్యాలయాలు ఈలోగా చేయగల పని ఒకటుంది. మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్లు ముద్రించేది అవే కాబట్టి, కాలేజీ ద్వారా కాకుండా నేరుగా విద్యార్థి ఇంటికి పోస్టులో పంపవచ్చు. డిజిలాకర్‌లోని పట్టాలను చెల్లుబాటుగా స్వీకరించమని యూజీసీ ఇదివరకే కోరింది కూడా. ఇక మిగిలేది టీసీ. అది ఆపిన కాలేజీలకు అఫిలియేషన్ పొడిగించకూడదు. ఏ కాలేజీ దగ్గర ఎందరి టీసీలు ఆగి ఉన్నాయో ఉన్నత విద్యా మండలి జాబితా తెప్పించుకుని, వచ్చే సీపీజెట్ కౌన్సెలింగ్‌లోపు వాటిని ఇప్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకురాలు,
నిజామాబాద్.